ఎమ్యులేటర్‌లో ఇన్‌స్ట్రక్షన్ గుణాలను బిట్లుగా పెట్టడం: ఏది బిట్ కావాలి, ఏది కాకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందు చెబుతాను. మీరు 6502 ఎమ్యులేటర్ రాస్తున్నారు, అంటే 6502 అనే పాత ప్రాసెసర్‌ను అనుకరించే ప్రోగ్రాం. 256 ఆప్‌కోడ్లకు (ఇన్‌స్ట్రక్షన్లను సూచించే సంఖ్యలకు) ఒక పట్టిక ఉంది. ప్రతి వరుసలో పేరు, పొడవు, పట్టే క్లాక్ సైకిళ్లు ఉన్నాయి, వాటి పక్కన పదకొండు అవును-కాదు గళ్లు ఉన్నాయి: మెమరీ చదువుతుందా, రాస్తుందా, బ్రాంచా (షరతును బట్టి దారి మళ్లేదా), పేజీ (256 బైట్ల మెమరీ ముక్క) దాటితే అదనపు సైకిల్ పడుతుందా, ఇలా. ఈ గళ్లన్నీ ఎత్తేసి ఒకే పూర్ణాంకంలో బిట్లుగా పెడితే మేలా, అడ్రసింగ్ మోడ్‌ను (ఇన్‌స్ట్రక్షన్ తన విలువను ఎక్కడ వెతకాలో చెప్పే పద్ధతిని) కూడా అందులోనే ఇరికించవచ్చా, మాస్కులు (కావలసిన బిట్లు మాత్రమే వెలిగిన, అంటే ఒకటిగా ఉన్న సంఖ్యలు) వాడాలా లేక సీ భాషలోని బిట్‌ఫీల్డులు వాడాలా అని అడిగారు. మున్ముందు రీకంపైలర్ (6502 ఇన్‌స్ట్రక్షన్లను మన యంత్రపు కోడ్‌గా మార్చేది) కూడా రాయాలని ఉందన్నారు. ఆ చివరి మాటే నా జవాబును చాలావరకు నిర్ణయిస్తుంది.

బిట్లుగానే పెట్టండి. అయితే జాగా ఆదా అవుతుందని మాత్రం పెట్టకండి. పదకొండు గళ్లకు బైటు చొప్పున లెక్క వేసినా మీ పట్టికకు 2,816 బైట్లు పడతాయి. వరుసకు 32 బిట్ల పూర్ణాంకం ఒకటి చాలనుకుంటే 1,024 బైట్లు. నేటి ప్రాసెసర్లలో మొదటి స్థాయి క్యాష్ సాధారణంగా 32 కిలోబైట్లు, ఆపైన ఉంటుంది. రెండు పట్టికలూ అందులో హాయిగా ఇముడుతాయి. అసలు లాభం ఇంకొకటి. గుణాలన్నీ ఒకే సంఖ్యలో ఉంటే నాలుగైదు ప్రశ్నలను కలిపి ఒకేసారి అడగవచ్చు. "ఇది బ్రాంచా, జంపా, కాలా, రిటర్నా" అని నాలుగు గళ్లు వెతికే బదులు ఆ నాలుగు బిట్ల మాస్కుకు "బ్లాకును ముగించేవి" అని పేరు పెట్టి ఒక్క ఆండ్‌తో (రెండు సంఖ్యల్లోనూ వెలిగిన బిట్లనే మిగిల్చే పనితో) తేల్చవచ్చు. ఒక బ్లాకులోని (మధ్యలో దారి మళ్లకుండా వరుసగా నడిచే ముక్కలోని) ఇన్‌స్ట్రక్షన్ల గుణాలన్నిటినీ ఆర్ చేస్తే (ఒక్కదాంట్లో వెలిగినా ఆ బిట్ వెలిగేలా కలిపితే) ఆ బ్లాకు మొత్తానికి గుణం వస్తుంది: ఇందులో ఎక్కడైనా మెమరీ రాత ఉందా, స్టాకు జోలికి పోయిందా అన్నవి ఒక్క చూపుతో తెలుస్తాయి. విడివిడి గళ్లతో ఇదే పనికి పదకొండు వరుసల కోడ్ కావాలి, కొత్త గడి చేర్చిన ప్రతిసారీ దాన్ని తిరగరాయాలి.

పైగా ఇది మనం పైనుంచి రుద్దుతున్న పద్ధతి కాదు. 1975లో ఎంఓఎస్ టెక్నాలజీ తెచ్చిన 6502 లోపల ఆప్‌కోడ్‌ను విప్పే భాగం 130 వరుసల పట్టిక. ఒక్కో వరుస ఆప్‌కోడ్ బిట్లనూ, ఇన్‌స్ట్రక్షన్‌లో ఎన్నో సైకిల్ నడుస్తోందన్నదాన్నీ చూసి, ఒకే ఒక విషయానికి అవును లేదా కాదు అంటుంది. చిప్పు చేసే పనంతా ఆ జవాబుల మీదే నడుస్తుంది. దీనికి చక్కటి సాక్ష్యం ఒకటి ఉంది. జీరో పేజీ (మెమరీలోని మొదటి 256 బైట్లు) నుంచి అక్యుములేటర్‌ను నింపే ఎల్‌డీఏ ఆప్‌కోడ్ దశాంశంలో 165, ఎక్స్ రిజిస్టర్‌ను నింపే ఎల్‌డీఎక్స్ 166. బిట్లలో 10100101, 10100110. ఈ రెండిటినీ ఆర్ చేస్తే 10100111, అంటే 167 వస్తుంది. అధికారిక పత్రాల్లో లేని ఎల్‌ఏఎక్స్ ఆప్‌కోడ్ అదే, అది చేసేదీ అదే: ఒకే విలువను రెండు రిజిస్టర్లలోకీ నింపుతుంది. రెండు ఇన్‌స్ట్రక్షన్లకు చెందిన వరుసలు ఒకేసారి "అవును" అనడం వల్ల పుట్టిన ఇన్‌స్ట్రక్షన్ అది. పత్రాల్లో ఉన్న ఆప్‌కోడ్లు 151, మిగిలిన 105లో చాలావాటి కథ ఇలాంటిదే. దీన్ని మొదటిసారి కాగితం మీద వేసుకుని చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. గుణాలను బిట్లుగా చూసేవాళ్లకు ఈ చిప్పు తనంతట తానే అర్థమవుతుంది.

ఇక అసలు విషయం. బిట్ ఇవ్వాల్సింది స్వతంత్రమైన ప్రశ్నకు మాత్రమే. ఒక ప్రశ్నకు జవాబు అవునైనా కాదైనా మిగిలిన ప్రశ్నల జవాబులు దానితో నిమిత్తం లేకుండా ఎలాగైనా ఉండగలిగితే అది బిట్. "వీటిలో ఏదో ఒక్కటే" అనే రకం అయితే అది బిట్ కాదు, సంఖ్య. 6502లో అడ్రసింగ్ మోడ్లు 13. ఏ ఆప్‌కోడ్‌కైనా మోడ్ ఒక్కటే ఉంటుంది. పదమూడు మోడ్లకు పదమూడు బిట్లు ఇస్తే ఒకే వరుసలో రెండు మోడ్ బిట్లు వెలిగే వీలు మీరే కల్పించినట్టు. అలా వెలిగిన రోజు కంపైలర్ నోరు మెదపదు. ఎమ్యులేటర్ మాత్రం మీ ఇఫ్ వరుసలో ముందు వచ్చిన మోడ్‌ను పట్టుకుని పోతుంది. మోడ్‌కు నాలుగు బిట్ల చోటు ఇచ్చి అందులో 0 నుంచి 12 వరకు సంఖ్య పెట్టండి. ఆ నాలుగు బిట్లు అదే పూర్ణాంకంలో కింది కొసన ఉండవచ్చు, అభ్యంతరం ఏమీ లేదు. కానీ వాటిని చదివే తీరు వేరు. బిట్‌నైతే ఆండ్ చేసి సున్నానా కాదా అని చూస్తారు. ఫీల్డునైతే మాస్క్ చేసి పక్కకు జరిపి, వచ్చిన సంఖ్యతో స్విచ్ వేస్తారు. ఈ రెండిటికీ వేర్వేరు చిన్న ఫంక్షన్లు రాసుకుని, మిగతా కోడ్‌లో ఎక్కడా ముడి మాస్కులు కనబడకుండా చూసుకోండి.

మీ గళ్లలో "రెండు బైట్ల పొడవు", "మూడు బైట్ల పొడవు" అని రెండున్నాయి. వాటిని తీసేయండి. 6502లో మోడ్ తెలిస్తే పొడవు తెలిసినట్టే. ఒక విషయం రెండు చోట్ల ఉంటే ఎప్పుడో ఒకప్పుడు అవి విభేదిస్తాయి.

మెమరీ విషయంలో మాత్రం ఫీల్డు, బిట్లు చక్కగా కలిసిపోతాయి. చదవడానికి ఒక బిట్, రాయడానికి ఒక బిట్ ఇవ్వండి. ఎల్‌డీఏకు మొదటిది, ఎస్‌టీఏకు రెండోది, మెమరీలోని విలువను చదివి మార్చి తిరిగి రాసే ఐఎన్‌సీ లాంటి వాటికి రెండూ. అప్పుడు ఆ రెండు బిట్ల విలువ 0, 1, 2, 3లో ఒకటవుతుంది, ఆ నాలుగూ అర్థవంతమైనవే. ఒక్క హెచ్చరిక: ఈ బిట్లను ఇన్‌స్ట్రక్షన్ పేరును బట్టి కాకుండా ఆప్‌కోడ్‌ను బట్టి పెట్టాలి. ఏఎస్‌ఎల్ అనే షిఫ్ట్ మెమరీ మీద పనిచేస్తే చదివి-రాసే రకం. అదే పేరుతో అక్యుములేటర్ మీద పనిచేసే ఆప్‌కోడ్ 10 మెమరీని అసలు ముట్టుకోదు. పేరు చూసి బిట్ పెడితే ఇలాంటి నాలుగు ఆప్‌కోడ్లు తప్పుగా నమోదవుతాయి.

ఆ చదివి-రాసే రకాన్ని ఎందుకంత పట్టించుకోవాలో చెబుతాను. అసలు 6502లో ఆ ఇన్‌స్ట్రక్షన్లు మెమరీకి రెండుసార్లు రాస్తాయి. చదివిన పాత విలువను ఉన్నదున్నట్టు ఒకసారి, మార్చిన విలువను ఆ తర్వాతి సైకిల్‌లో. మామూలు మెమరీకి ఈ తేడా తెలియదు. కొమడోర్ 64 అనే పాత కంప్యూటర్‌లో 53273వ చిరునామా దగ్గర మాత్రం తెలుస్తుంది. అది వీడియో చిప్పు ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను మధ్యలో ఆపి పిలిచే సంకేతం) రిజిస్టర్. అందులో వెలిగి ఉన్న బిట్‌కు మళ్లీ ఒకటి రాస్తే ఇంటరప్ట్ అందినట్టు లెక్క. అందుకే చాలా ప్రోగ్రాముల్లో ఆ చిరునామా మీద ఏఎస్‌ఎల్ గానీ, ఐఎన్‌సీ గానీ ఒక్కటే ఉంటుంది. మొదటి ఉత్తుత్తి రాతతోనే పని అయిపోతుంది. మీ ఎమ్యులేటర్ ఒక్కసారే రాస్తే ఏఎస్‌ఎల్ పాత బిట్‌ను పక్కకు జరిపేసిన విలువనే అక్కడ పెడుతుంది, ఇంటరప్ట్ అందినట్టు ఎన్నటికీ నమోదు కాదు, ప్రోగ్రాం అక్కడే తిరుగుతూ ఉంటుంది.

ఇప్పుడు పేజీ దాటితే పడే అదనపు సైకిల్ గురించి. దీనితో నేను రెండు వారాంతాలు పోగొట్టుకున్నాను, కాబట్టి కాస్త విడమరచి రాస్తాను. ఎన్‌ఈఎస్ (నింటెండో ఆటల యంత్రం) కోసం నేను రాసిన మొదటి పట్టికలో ఈ గుణాన్ని అడ్రసింగ్ మోడ్‌కు కట్టేశాను. అబ్‌సల్యూట్ ఎక్స్ మోడ్ (ఇచ్చిన చిరునామాకు ఎక్స్‌ను కలిపేది) అయితే బిట్ వెలగాలి, అంతే. దాదాపు అన్ని ఆటలూ ఆడాయి. ఒక ఆటలో మాత్రం పైన స్కోరు పట్టీకి, కింద కదిలే దృశ్యానికి మధ్య ఉండే గీత అప్పుడప్పుడూ వణికేది. వీడియో భాగంలో తప్పుందని నమ్మి అక్కడే తవ్వాను. చివరికి ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌కు సైకిళ్ల మొత్తం అచ్చువేసి, సరిగ్గా నడిచే మరో ఎమ్యులేటర్ జాబితాతో పోల్చాను. తేడా మొదలైన చోట ఉన్నది ఆప్‌కోడ్ 157, అంటే అబ్‌సల్యూట్ ఎక్స్ మోడ్‌లోని ఎస్‌టీఏ. నా పట్టిక దానికి 5 సైకిళ్లు ఇచ్చి, పేజీ దాటినప్పుడు ఆరోది కూడా కలుపుతోంది. నిజానికి అది పేజీ దాటినా దాటకపోయినా అయిదే తీసుకుంటుంది.

ఎందుకంటే చిప్పు చిరునామాను రెండు ముక్కల్లో కడుతుంది. నాలుగో సైకిల్ నాటికి కింది బైటుకు ఎక్స్‌ను కలిపి ఉంటుంది, ఆ కూడికలో మిగులు వస్తే దాన్ని పై బైటుకు ఇంకా చేర్చి ఉండదు. ఎల్‌డీఏ అయితే ఆ సగం చిరునామాతోనే చదివేస్తుంది. మిగులు లేకపోతే చదివింది సరైనదే, నాలుగు సైకిళ్లలో పని పూర్తి. మిగులు ఉంటే పై బైటును సవరించి మళ్లీ చదువుతుంది, అయిదు సైకిళ్లు. ఎస్‌టీఏకు ఆ తెగింపు కుదరదు. తప్పు చిరునామాకు చదివితే పోయేది తక్కువ, రాస్తే మాత్రం ఎవరి విలువో పాడవుతుంది. అందుకని అది ఎప్పుడూ సవరణ సైకిల్ కోసం ఆగుతుంది. ఇది అర్థమయ్యాక ఈ గుణాన్ని చేత్తో పెట్టాల్సిన అవసరమే లేదని తేలింది. మెమరీ బిట్లు "చదువు మాత్రమే" అయి, మోడ్ అబ్‌సల్యూట్ ఎక్స్, అబ్‌సల్యూట్ వై, ఇన్‌డైరెక్ట్ వై అనే మూడిట్లో ఒకటైతే బిట్ వెలగాలి. మరే సందర్భంలోనూ వెలగకూడదు. పట్టిక తయారయ్యేటప్పుడే ఈ లెక్క వేసి బిట్‌ను నింపండి. బ్రాంచిలకు పడే అదనపు సైకిళ్ల నియమం వేరు, వాటిని దీనితో కలపకండి.

పట్టికను నమ్మడానికి నేను వాడేది లెక్కింపు. గుణాలు బిట్లుగా ఉండటం వల్ల ఇది చాలా సులువు. పత్రాల్లో ఉన్న 151 ఆప్‌కోడ్ల మీద లూప్ వేసి, ఒక్కో బిట్ ఎన్నింట్లో వెలిగిందో లెక్కపెట్టండి. పేజీ దాటే బిట్ 23 చోట్ల ఉండాలి: అబ్‌సల్యూట్ ఎక్స్‌లో 8, అబ్‌సల్యూట్ వైలో 8, ఇన్‌డైరెక్ట్ వైలో 7. చదివి-రాసేవి 24, అంటే ఆరు ఇన్‌స్ట్రక్షన్లు ఒక్కోటి నాలుగు మోడ్లలో. రాయడం మాత్రమే చేసేవి 13: ఎస్‌టీఏ 7, ఎస్‌టీఎక్స్ 3, ఎస్‌టీవై 3. షరతు బ్రాంచిలు 8. చదివి-రాసేవి 28 వచ్చాయంటే అక్యుములేటర్ షిఫ్టులు నాలుగూ దూరిపోయాయని చూడకుండానే చెప్పవచ్చు. స్టాకు మీదికి తోసేవి, అక్కడి నుంచి తీసేవి ఈ లెక్కలోకి రావు, వాటికి స్టాకు బిట్ వేరే ఉండాలి. పాయింటర్ కోసం జీరో పేజీని చదవడాన్ని కూడా చదువుగా లెక్కించకండి. ఇక్కడ చదువంటే ఆపరాండ్ విలువ కోసం చేసే చదువు మాత్రమే. ఈ నిర్వచనాన్ని బిట్ పేరు పక్కనే వ్యాఖ్యగా రాసి పెట్టండి, ఎందుకంటే ఆరు నెలల తర్వాత మీకే సందేహం వస్తుంది.

పట్టికలో ఉండకూడనిది ఇంకొకటుంది. బ్రాంచి ఈసారి తీసుకున్నామా, పేజీ నిజంగా దాటిందా అన్నవి ఆప్‌కోడ్ గుణాలు కావు, ఆ క్షణపు సంగతులు. వాటికీ బిట్లు కావాలనిపిస్తే వేరే చలరాశిలో పెట్టుకోండి. పట్టిక మాత్రం మార్చరాని కాన్‌స్ట్‌గా ఉండాలి. రన్ అవుతుండగా పట్టికలోకి రాయాలని చేయి పోయిందంటే ఆ గుణం అక్కడిది కాదన్నమాట.

పేర్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అది ముదరకముందే సర్దుకోండి. ప్రాసెసర్ స్థితి రిజిస్టర్‌లోని జీరో, క్యారీ లాంటి వాటినీ ఫ్లాగులే అంటాం, మన పట్టికలోని వాటినీ ఫ్లాగులే అంటాం. "ఫ్లాగ్_క్యారీ" అని కోడ్‌లో కనబడితే అది క్యారీ బిట్టా, క్యారీని మార్చే గుణమా? నేను పట్టికలోని వాటిని గుణాలనీ, ప్రాసెసర్‌లోని వాటిని స్థితి ఫ్లాగులనీ అంటాను, కోడ్‌లో కూడా పేర్ల మొదలు వేర్వేరుగా పెడతాను. కింద అదే పద్ధతిలో రాస్తున్నాను.

మాస్కులా, బిట్‌ఫీల్డులా అన్నదానికి వద్దాం. ఒక్కో గుణాన్ని పేరుతో చదవడానికి బిట్‌ఫీల్డులు అందంగా ఉంటాయి. కానీ ఏ ఫీల్డు ఏ బిట్ దగ్గర కూర్చుంటుందన్నది కంపైలర్ ఇష్టం, సీ ప్రమాణం దాన్ని ఖాయం చేయదు. అంతకంటే పెద్ద లోటు, నాలుగు గుణాలను కలిపి ఒకే మాస్కుగా పట్టుకోలేకపోవడం. మనం బిట్ల దాకా వచ్చిందే దానికోసం కదా. కాబట్టి మాస్కులు. డీబగ్గర్‌లో సంఖ్యలు కనిపిస్తాయన్న మీ భయం సగమే నిజం. ఎనమ్‌లోని విలువలన్నీ వేర్వేరు ఒంటి బిట్లయితే, ఆ ఎనమ్ రకపు చలరాశిని జీడీబీ డీబగ్గర్ పేర్లతోనే, మధ్యలో ఆర్ గుర్తు పెట్టి చూపిస్తుంది. అందుకే ఒంటి బిట్లకు ఒక ఎనమ్, మోడ్ లాంటి ఫీల్డు విలువలకు ఇంకో ఎనమ్ పెట్టండి.

మాస్కులతో కాలు జారే చోట్లు నాలుగున్నాయి. మొదటిది ఇది:

గుణాలు & మోడ్_మాస్క్ == మోడ్_ఇమ్మీడియట్

సీలో సమానత్వ గుర్తు ఆండ్ కంటే ముందు పట్టుకుంటుంది. కనుక ఇది ముందు రెండు స్థిరాంకాలను పోల్చి, వచ్చిన 0 లేదా 1తో గుణాలను ఆండ్ చేస్తుంది. చుట్టూ బ్రాకెట్లు తప్పనిసరి. రెండోది, కలిపి కట్టిన మాస్కును పరీక్షించేటప్పుడు "ఏదైనా ఒకటి" కావాలా, "అన్నీ" కావాలా అన్నది. సున్నా కాదా అని చూస్తే మొదటి ప్రశ్న, మాస్కుకు సమానమా అని చూస్తే రెండో ప్రశ్న. ఈ రెండిటికీ "ఏదైనా_ఉందా", "అన్నీ_ఉన్నాయా" అని రెండు ఫంక్షన్లు రాసుకుంటే చదివేవాళ్లకు మీ ఉద్దేశం తెలుస్తుంది. మూడోది, మామూలు పూర్ణాంకం ఒకటిని 31 స్థానాలు జరపడం. 32 బిట్ల సైన్డ్ సంఖ్యలో అది పట్టదు, సీ ప్రమాణం ప్రకారం ఏం జరుగుతుందో చెప్పలేం. అన్‌సైన్డ్ ఒకటితోనే మొదలుపెట్టండి.

నాలుగోది పట్టిక పెరిగిన తర్వాత కరుస్తుంది. గుణాలు 32 దాటి 64 బిట్ల సంఖ్యకు మారారనుకోండి. పాత మాస్కులు ఇంకా 32 బిట్ల అన్‌సైన్డ్‌గానే ఉన్నాయి. ఒక గుణాన్ని ఆర్పడానికి ఇలా రాస్తారు:

గుణాలు = గుణాలు & ~స్టాకు_గుణం

ఇక్కడ తిరగేయడం 32 బిట్లలోనే జరుగుతుంది. ఆ తర్వాత 64కు విస్తరించినప్పుడు పై 32 బిట్లు సున్నాలతో నిండుతాయి. మీరు ఆర్పాలనుకున్నది ఒక్క బిట్, ఆరిపోయేవి దానితోపాటు పై సగం మొత్తం. హెచ్చరికలు అన్నీ వేసి కంపైల్ చేసినా ఇది ఎక్కువసార్లు నిశ్శబ్దంగా దాటిపోతుంది. 64కు మారే రోజున మాస్కులన్నిటినీ అదే రకానికి మార్చండి, కొత్తవాటిని మాత్రమే కాదు.

6502కు 64 బిట్లు అవసరం రావు. పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్లకు వస్తాయి. లైనక్స్ కర్నెల్‌లో కేవీఎం (వర్చువల్ యంత్రాలను నడిపే భాగం) వాడే ఎక్స్86 ఎమ్యులేటర్‌ను వీలైతే చదవండి. అక్కడ ఆప్‌కోడ్ గుణాలు ఒకే 64 బిట్ల మాటలో ఉంటాయి. బైటు పరిమాణపు ఆపరాండా అన్నది ఒంటి బిట్, ఆపరాండ్ రకం మాత్రం అయిదు బిట్ల ఫీల్డు. నేను పైన చెప్పిన విభజనే. లాక్ ప్రిఫిక్స్ (మెమరీ మార్పు మధ్యలో ఇంకెవరూ దూరకుండా చేసే ముందుగుర్తు) ఈ ఇన్‌స్ట్రక్షన్‌కు చెల్లుతుందా అన్నదానికీ ఒక బిట్ ఉంది. లాక్ వచ్చి ఆ బిట్ లేకపోయినా, గమ్యం మెమరీ కాకపోయినా నేరుగా చెల్లని ఆప్‌కోడ్ ఎక్సెప్షన్ లేపుతుంది. వందల హ్యాండ్లర్లలో రాయాల్సిన తనిఖీ ఒక్క చోట తేలిపోయింది. ఆర్మ్ ప్రాసెసర్ల సంగతి దీనికి తలకిందులు. అక్కడి 32 బిట్ల డేటా ఇన్‌స్ట్రక్షన్లలో స్థితి ఫ్లాగులు మార్చాలా వద్దా అన్నది ఇన్‌స్ట్రక్షన్‌లోనే 20వ బిట్‌గా ఉంటుంది. దాన్ని మళ్లీ పట్టికలో రాసుకోవడం వృథా.

వేగం గురించి ఒక మాట. ఇంటర్‌ప్రెటర్ ప్రధాన లూపులో ఈ గుణాలను ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌కూ ఎనిమిదిసార్లు పరీక్షిస్తే నెమ్మదిస్తుందా? ఎన్‌ఈఎస్ ప్రాసెసర్ సెకనుకు 17.9 లక్షల సైకిళ్లు, ఇన్‌స్ట్రక్షన్‌కు కనీసం రెండు సైకిళ్లు. అంటే సెకనుకు తొమ్మిది లక్షల ఇన్‌స్ట్రక్షన్లకు మించవు, పరీక్షలు 72 లక్షలకు మించవు. నేటి యంత్రానికి అది లెక్కలోకి రాదు. 33.8688 మెగాహెర్ట్జ్‌తో నడిచే ప్లేస్టేషన్ ప్రాసెసర్‌కు మాత్రం ఆలోచించాలి. అయినా నా అలవాటు ఏమిటంటే, ఇన్‌స్ట్రక్షన్‌ను నడిపే హ్యాండ్లర్‌కు తన సంగతి తనకు తెలుసు, దానికి గుణాలు అక్కర్లేదు. ఇన్‌స్ట్రక్షన్‌ను నడపకుండా దాని గురించి తెలుసుకోవాల్సినవాళ్లకే గుణాలు కావాలి: డీబగ్గర్, ట్రేస్, డిస్అసెంబ్లర్, అన్నిటికంటే ముఖ్యంగా రీకంపైలర్.

అందుకే రీకంపైలర్ కోసం ఇప్పుడే రెండు గళ్లు చేర్చమంటాను. ఏ స్థితి ఫ్లాగులను చదువుతుంది, ఏవి రాస్తుంది. ఒక్కోటి ఎనిమిది బిట్లు. వీటిలో బిట్ల వరుసను మీరు కనిపెట్టవద్దు, 6502 స్థితి రిజిస్టర్‌లో ఉన్న వరుసనే వాడండి: నెగెటివ్ 128, ఓవర్‌ఫ్లో 64, డెసిమల్ 8, ఇంటరప్ట్ 4, జీరో 2, క్యారీ 1. అప్పుడు ఏడీసీ (క్యారీతో కూడిక) రాసేవి 195, చదివేవి 9. ఐఎన్‌ఎక్స్ (ఎక్స్‌ను ఒకటి పెంచేది) రాసేవి 130. పోలికలు 131. ఎస్‌టీఏ రెండూ సున్నా. బీఎన్‌ఈ (జీరో ఫ్లాగు ఆరి ఉంటే దారి మళ్లేది) చదివేది 2.

బ్లాకును చివరినుంచి వెనక్కి నడుస్తూ, ప్రతి ఇన్‌స్ట్రక్షన్ దగ్గర ముందు "అవసరం & రాసేవి" చూడండి. ఆ ఇన్‌స్ట్రక్షన్ నిజంగా లెక్కగట్టాల్సిన ఫ్లాగులు అవే. తర్వాత:

అవసరం = (అవసరం & ~రాసేవి) | చదివేవి

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. బ్లాకు: సీఎల్‌సీ (క్యారీని ఆర్పేది), ఏడీసీ, ఎస్‌టీఏ, ఐఎన్‌ఎక్స్, సీపీఎక్స్ (ఎక్స్‌తో పోలిక), బీఎన్‌ఈ. బ్లాకు తర్వాత ఎవరొస్తారో తెలియదు కాబట్టి అన్నీ అవసరమే అనుకుని 207తో మొదలుపెడతాం. బీఎన్‌ఈ తర్వాత కూడా 207. సీపీఎక్స్ రాసే 131 మొత్తం అవసరమే, దానికి ముందు అవసరం 76కు తగ్గుతుంది. ఐఎన్‌ఎక్స్ రాసేది 130, అందులో 76తో కలిసేది సున్నా. అంటే దానికి ఫ్లాగుల కోడ్ ఒక్క వరుస కూడా పుట్టించక్కర్లేదు. ఎస్‌టీఏ ఏమీ మార్చదు. ఏడీసీ రాసే 195లో అవసరమైంది 64, ఒక్క ఓవర్‌ఫ్లో. దానికి ముందు అవసరం 13. అందులో క్యారీ ఉంది కనుక సీఎల్‌సీ ఉండాల్సిందే. ఇంతా చేసింది ఇన్‌స్ట్రక్షన్‌కు మూడు బిట్ పనులు.

ఇక్కడే మెమరీ రాత బిట్ మళ్లీ పనికొస్తుంది. ఎస్‌టీఏ రాసిన చోట మీరు అప్పటికే కంపైల్ చేసిన కోడ్ ఉండవచ్చు, లేదా అది పరికరపు రిజిస్టర్ కావచ్చు. అప్పుడు బ్లాకు మధ్యలోనే బయటికి రావాల్సి ఉంటుంది, వచ్చినప్పుడు స్థితి రిజిస్టర్ పూర్తిగా సరిగ్గా ఉండాలి. కాబట్టి రాత బిట్ ఉన్న ఇన్‌స్ట్రక్షన్‌ను వెనక్కి దాటబోయే ముందు అవసరాన్ని మళ్లీ 207 చేయండి. పై ఉదాహరణలో ఐఎన్‌ఎక్స్‌కు ఇంకా పని లేదు, కానీ ఏడీసీ ఇప్పుడు 195 మొత్తం లెక్కగట్టాలి. ఇంటరప్ట్ అనుమతిని మార్చే సీఎల్‌ఐ, పీఎల్‌పీ లాంటి వాటికి కూడా ఒక బిట్ ఇవ్వండి. అసలు చిప్పులో వాటి ప్రభావం ఒక ఇన్‌స్ట్రక్షన్ ఆలస్యంగా కనబడుతుంది. రీకంపైలర్ ఇంటరప్టులను బ్లాకు చివర మాత్రమే చూస్తుంది కాబట్టి, ఆ బిట్ కనబడిన తర్వాత ఇంకొక్క ఇన్‌స్ట్రక్షన్ మాత్రమే తీసుకుని బ్లాకు ముగించాలి.

ఈ పద్ధతిని రేపు వేరే ప్రాసెసర్‌కు తీసుకెళ్తే ఒక్కటి మారుతుంది. "రాసేవి" అంటే తప్పకుండా రాసేవి అని అర్థం. ఎక్స్86లో సీఎల్ రిజిస్టర్ ప్రకారం జరిపే షిఫ్ట్, ఆ లెక్క సున్నా అయితే ఫ్లాగులను ముట్టుకోదు. దాని ఫ్లాగులను "రాసేవి"లో పెట్టి అవసరంలోంచి తీసేస్తే, లెక్క సున్నా అయిన రోజున వెనకటి ఇన్‌స్ట్రక్షన్ ఫ్లాగులు కావాలి, అవి మీరు పుట్టించి ఉండరు. అక్కడ "తప్పక రాసేవి", "రాయవచ్చు" అని రెండు మాస్కులు కావాలి. అవసరంలోంచి తీసేది మొదటిదాన్ని మాత్రమే, కోడ్ పుట్టించేది రెండిటికీ. 6502లో ఈ చిక్కు లేదు, ఒక మాస్కు చాలు.

మీ ప్రస్తుత పట్టికను ఒకేసారి పారేయకండి. పాత గళ్ల నుంచి కొత్త బిట్లను నింపే చిన్న ఫంక్షన్ రాసి, 256 వరుసలకూ రెండు జవాబులూ పోల్చే పరీక్ష పెట్టండి. తర్వాత కోడ్‌లో ఒక్కో గడి వాడకాన్ని కొత్త ఫంక్షన్లకు మార్చుకుంటూ రండి. పేజీ దాటే గుణం దగ్గర మాత్రం పాత గడిని అనుకరించకుండా మెమరీ బిట్లు, మోడ్ నుంచి లెక్కగట్టండి. ఆ పరీక్షలో ఆప్‌కోడ్ 157 దగ్గర తేడా కనబడితే మీ పాత పట్టికలోనూ నా తప్పే ఉందన్నమాట. అక్కడ కొత్తదాన్ని నమ్మండి.